పుటమీద తిరిగే సున్న

ముప్పై ఏళ్లుగా ప్రూఫులు దిద్దుకుంటూ బతుకుతున్నవాడికి పుటమీద ఒక సున్న అదనంగా కనబడడం వింతేమీ కాదు. నిరుడు వేసవిలో, విజయవాడ గవర్నరుపేటలో నేను పనిచేసే చోట, ఒక వ్యాకరణ పుస్తకం మూడో ప్రూఫు చూస్తుండగా పంక్తికి కుడివైపు చివర అలాంటి సున్న ఒకటి కనబడింది. ఎర్ర కలంతో కొట్టివేయబోయేసరికి అది పై పంక్తిలోకి పోయింది. చూపు పైకెత్తితే ఇంకా పైకి పోయింది. చూపు నిలిపినా తాను నిలవక, మనిషి దిగిపోయిన ఉయ్యాలబల్లలా కాసేపు ఊగి, నెమ్మదిగా కిందికి జారింది. దాని పక్కనే అరసున్నల వంటి నూలుపోగులు రెండు మూడు ఉన్నాయి. తెలుగు అచ్చులోంచి అరసున్న పోయిందని బాధపడే పెద్దలు నాకు కొందరు తెలుసు. అది వచ్చి నా కుడికంట్లో చేరిందని వారికి చెప్పాలనిపించింది గాని, ఆ పూట నవ్వు రాలేదు.

కళ్లద్దాలు తుడిచాను. కుళాయి నీళ్లతో కళ్లు కడిగాను. ఎడమకన్ను మూస్తే సున్న ఉంది, కుడికన్ను మూస్తే లేదు. రెండూ మూసి ట్యూబులైటు వైపు మొహం తిప్పితే రెప్పల వెనక ఎర్రటి చీకట్లో కూడా లీలగా ఉంది. అంటే అది పుటమీద లేదు, అద్దంమీద లేదు, కంటి లోపలే ఉంది. యాభై నాలుగేళ్ల వయసు, చిన్నప్పటినుంచి హ్రస్వదృష్టి, మైనస్ ఆరున్నర అద్దాలు, ఈ మూడూ ఉన్నవాడికి అది రావలసిన సమయానికే వచ్చిందని తరవాత తెలిసింది. ఆ సాయంత్రం మాత్రం, చూపు పోతే ప్రూఫులు దిద్దేవాడికి మిగిలేదేమిటన్న లెక్క ఒక్కటే మనసులో తిరిగింది.

మరునాడు మా ఊళ్లోనే ఒక కంటి వైద్యుడి దగ్గరకు వెళ్లాను. అక్షరాల పలక చదివించారు. అద్దాలతో చివరి వరుస దాకా చదివాను. కంటి ఒత్తిడి చూశారు. కంటిపాప పెద్దదయ్యే చుక్కలు మాత్రం వేయలేదు. "ఏమీ లేదండీ. ఫ్లోటర్లు. వయసుతో వస్తాయి. అలవాటు పడిపోతారు" అన్నారు. కంటిముందు తేలే నలుసులనే ఫ్లోటర్లంటారు. ఈ నాలుగు మాటల్లో చివరి మూడూ నిజమే. ఈ వ్యాసమంతా మొదటి మాట గురించే.

తెలుగులో 'ఏమీ లేదు' అన్నది చాలా ఉదారమైన మాట. కిందపడి ఏడుస్తున్న పిల్లవాడి మోకాలు నిమురుతూ, రక్తం కారుతున్నా సరే, 'ఏం లేదు, ఏం లేదు' అంటాం. అక్కడ ఆ మాటకు 'నేనున్నాను' అని అర్థం. వైద్యుడి గదిలో, మూడు నిమిషాల పరిచయంలో, ఆ అర్థం రాదు; నిఘంటువులో ఉన్న అర్థమే వస్తుంది. నువ్వు చూస్తున్నది లేదు అని చెప్పినట్టే అవుతుంది. అప్పుడు రోగికి రెండే దారులు మిగులుతాయి: తన కన్నును నమ్మకపోవడం, లేదా వైద్యుణ్ణి నమ్మకపోవడం. నేను రెండో దారి పట్టాను. చాలామంది మొదటిది పడతారు. ప్రమాదం దానిలోనే ఎక్కువ. కంటిముందు నలుసులు తిరుగుతున్నాయని వచ్చినవారికి మందుకన్నా ముందు కావలసింది, లోపల సరిగా చూసిన తరవాత చెప్పే 'ఉంది, కాని ఇవాళ ప్రమాదం లేదు' అన్న ఒక వాక్యం, ఎప్పుడు ప్రమాదమో చెప్పే మరొక వాక్యం. ఈ రెండూ చెప్పకుండా 'అలవాటు పడతారు' అంటే ఆ అలవాటు అసలు మొదలే కాదని నా వాదన.

పదకొండో రోజు రాత్రి, దీపం ఆర్పి పక్కమీద వాలాక, కుడికంటి బయటి అంచున వెండి జరీపోగు తళుక్కుమన్నట్టు ఒక మెరుపు మెరిసింది. తల తిప్పినప్పుడల్లా మళ్లీ మెరిసింది. గుంటూరు బ్రాడీపేటలో ఉన్న మా అక్కకు ఫోను చేశాను. "పొద్దున్నే బస్సెక్కి వచ్చేయరా తమ్ముడూ. ఇక్కడ రెటీనా చూసే డాక్టరమ్మ ఉంది. ఆలోచించుకుంటూ కూర్చోమాకు" అంది. మెరుపు వచ్చినవాడు తెల్లవారేదాకా కూడా ఆగకూడదేమోనన్న ఆలోచన నాకు రాలేదు. అది పన్నెండు గంటల ఆలస్యంతో పోయినందుకు ఇప్పటికీ నా అదృష్టమనే అనుకుంటాను.

ఆ డాక్టరమ్మ చేసిన పరీక్ష మొదటిదానికన్నా వేరు. అరగంటలో రెండు మూడుసార్లు చుక్కలు వేయించి, కంటిపాప పూర్తిగా విచ్చుకున్నాక పడుకోబెట్టి, నుదుటికి దీపం కట్టుకుని, చేతిలో ఒక కటకం పట్టుకుని, రెప్ప అంచున చిన్న లోహపు పనిముట్టుతో నొక్కుతూ, పైకి, కిందికి, ఎడమకు, కుడికి చూడమంటూ, కంటి వెనక వెలుగును పట్టే పొర అయిన రెటీనా చివరి అంచులదాకా వెతికారు. చిరుగులు ఏర్పడేది ఎక్కువగా ఆ అంచుల్లోనే. పాప చిన్నదిగా ఉన్నప్పుడు అవి కనబడవు. అంతా అయ్యాక ఆవిడ చెప్పినది నాకు ఇంచుమించు మాట పోకుండా గుర్తుంది. "ఉందండీ. మీకు కనబడేది నిజంగానే కంట్లో ఉంది, నాకూ కనబడింది. రెటీనా చిరగలేదు కాబట్టి ఇవాళ ప్రమాదం లేదు. నెల తరవాత మళ్లీ చూడాలి. ఈలోగా నలుసులు ఒక్కసారిగా వానలా పెరిగినా, మెరుపులు ఎక్కువైనా, ఏ పక్కనుంచైనా తెర దిగుతున్నట్టు నీడ వచ్చినా, చూపు మసకబారినా, అపాయింటుమెంటు కోసం చూడకుండా అదే రోజు వచ్చేయండి."

'నాకూ కనబడింది' అన్న మాట దగ్గర నా భుజాలు దిగాయి. పదకొండు రోజులుగా నాకొక్కడికే తెలిసిన సంగతికి సాక్షి దొరికింది. ఆమె చెప్పడానికి నిమిషం కూడా పట్టలేదు కనుక, రోగుల రద్దీలో వివరించే తీరిక ఉండదన్న సమాధానాన్ని నేను పూర్తిగా ఒప్పుకోలేను.

ఇంతకీ ఆ కంట్లో ఉన్నదేమిటి? మన వేసవిలో అందరికీ తెలిసిన తాటిముంజను తలచుకుంటే సగం అర్థమవుతుంది. కంటి కటకానికి వెనక, రెటీనాకు ముందు ఉన్న గది నిండా ముంజ వంటి పారదర్శకమైన జెల్లీ ఉంటుంది. పాఠ్యపుస్తకాల్లో దీన్నే కాచావత్ కక్ష్య అని చదువుకున్నాం. వైద్యులు విట్రియస్ అంటారు. సుమారు 4 మిల్లీలీటర్లు. అందులో 98 శాతానికి పైగా నీరే. మిగిలిన కొద్దిపాటిలో కొలాజెన్ అనే సన్నని పోగులు, ఆ పోగులు ఒకదానికొకటి అంటుకోకుండా నీటిని పట్టి ఉంచే హయలురోనిక్ ఆమ్లం ఉంటాయి. వయసు పెరిగేకొద్దీ ఈ అమరిక సడలుతుంది. ముంజ నడుమ నీళ్లున్నట్టుగా జెల్లీలో నీటి గుంటలు ఏర్పడతాయి, విడిపోయిన పోగులు ఒకచోట చేరి ముడిపడతాయి. ఆ ముడుల నీడలు రెటీనామీద పడతాయి. మనం చూసేది ముడిని కాదు, దాని నీడను. అందుకే తరిమి చూద్దామంటే అది దొరకదు: కన్ను తిరిగితే జెల్లీ తిరుగుతుంది, జెల్లీ తిరిగితే ముడి తిరుగుతుంది, కన్ను ఆగాక కూడా జెల్లీ కాసేపు ఊగుతుంది.

ఇంకొంత కాలానికి, మామూలుగా యాభై దాటాక, జెల్లీ మొత్తంగా కుంచించుకుని రెటీనా నుంచి విడివడుతుంది. హ్రస్వదృష్టి ఎక్కువగా ఉన్నవారికి, శుక్లం ఆపరేషను అయినవారికి ఇది ఇంకా ముందే జరగవచ్చు. కంటినరం రెటీనాలో ప్రవేశించేచోట జెల్లీ గుండ్రంగా అంటుకుని ఉంటుంది. అక్కడినుంచి ఊడివచ్చినప్పుడు ఆ అతుకు వలయంలాగే మిగిలి తేలుతుంది. దానిని వైస్ వలయం అంటారు. నా సున్న అదే. కంటినరం చేరేచోటు ముక్కువైపు ఉంటుంది కనుక దాని ముందున్న వస్తువు నీడ బయటివైపు కనబడుతుంది. నా కుడికంటి సున్న పంక్తికి కుడివైపునే మొదట కనబడడంలో ఇంత లెక్క ఉందని తెలిశాక, ఎందుకో దానిమీద కొంత గౌరవం కలిగింది. మెరుపులకూ కారణం ఇదే. విడివడే జెల్లీ ఇంకా అతుక్కుని ఉన్నచోట రెటీనాను లాగుతుంది. రెటీనాకు నొప్పి తెలియదు. దాన్ని ఎలా కదిలించినా అది వెలుగుగానే చెబుతుంది.

ఆ లాగుడులో రెటీనా చిరిగితే మాత్రం కథ మారుతుంది. ఇలా జెల్లీ విడివడి కొత్తగా లక్షణాలు మొదలై వైద్యుల దగ్గరకు వచ్చినవారిలో ఇంచుమించు ఏడుగురిలో ఒకరికి చిరుగు ఉంటుందని అధ్యయనాలను కలిపి చూసినవారు తేల్చారు. ఆరుగురికి ఏమీ కాదు నిజమే. కాని ఏడోవారు ఎవరో అక్షరాల పలక చెప్పదు, చుక్కలు వేసి చూస్తేనే తెలుస్తుంది. చిరుగు దశలోనే కనిపెడితే దాని చుట్టూ లేజరుతో కుట్టు వేసినట్టు మచ్చలు పెడతారు. కొన్ని నిమిషాల పని, అదే రోజు ఇంటికి రావచ్చు. కనిపెట్టకపోతే చిరుగులోంచి నీరు దూరి రెటీనాను గోడనుంచి పెచ్చులా ఊడదీస్తుంది. చిరుగును మూయకుండా ఊడిన రెటీనాను నిలబెట్టలేమని స్విట్జర్లాండులోని లొజాన్ నగరంలో జూల్ గోనిన్ అనే వైద్యుడు 1920లలో నిరూపించేదాకా, అలా చూపు పోయినవారికి అది పోయినట్టే లెక్క. చూపుకు కేంద్రమైన మధ్యభాగం ఊడకముందే ఆపరేషను జరిగితే చూపు దక్కే అవకాశం ఎక్కువ. అది ఊడాక గడిచే రోజులకు వెల ఉంటుంది. ఇవాళ ఏమీ లేకపోయినా నెల తరవాత మళ్లీ చూడాలనడం అందుకే. జెల్లీ విడివడడం ఒక్కరోజులో ముగియదు, తొలి కొద్ది వారాల్లో కొత్త చిరుగు రావచ్చు.

ఆ మధ్యాహ్నం తిరుగు ప్రయాణం నేను మరిచిపోలేను. వైశాఖపు ఎండ, విచ్చుకున్న కంటిపాపలు, ఎక్కిన బస్సులో కర్టెన్లు లేవు. కనకదుర్గ వారధి మీదికి వచ్చేసరికి కృష్ణ అంతా వెలిగించిన మెగ్నీషియం తీగలా ఉంది. చేతిరుమాలు కళ్లకు అడ్డం పెట్టుకుని వేళ్ల సందుల్లోంచి చూస్తే ఒక విచిత్రం గమనించాను: ఇంత వెలుగులోనూ సున్న సరిగా కనబడడం లేదు. మరునాడు పాప మామూలుగా కుంచించుకున్నాక మళ్లీ నల్లగా, అంచులు కట్టినట్టుగా కనబడింది. వెలుగు వచ్చే రంధ్రం చిన్నదైతే నీడ పదునుగా పడుతుంది, పెద్దదైతే అలుక్కుపోతుంది. ఎండలో పాప చిన్నదవుతుంది, పైన తెల్లటి ఆకాశం పరచి ఉంటుంది. కాబట్టి ఫ్లోటర్లకు మా బెజవాడ వేసవికన్నా అనువైన రంగస్థలం దొరకదు. కొందరు వేసవిలోనే జబ్బు ముదిరిందని హడలిపోతారు. ముదిరింది ఎండ మాత్రమే. నీలాకాశంలోకి చూసినప్పుడు చిన్న చిన్న వెలుగు చుక్కలు గబగబా పరుగెత్తడం కూడా కొందరు దీనితో కలిపి చెప్పుకుంటారు గాని, అవి ఫ్లోటర్లు కావు, రెటీనా సూక్ష్మనాళాల్లో పోయే తెల్లరక్తకణాలు, అందరికీ కనబడతాయి.

ఈ బాధ కొత్తది కాదు. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రంలో చూపు మసకబారే తిమిరరోగం కంటి రెండవ పటలాన్ని, అంటే రెండవ పొరను, చేరినప్పటి లక్షణాలు చెబుతూ, రోగి 'మక్షికా మశకాన్ కేశాన్ జాలకాని చ పశ్యతి' అన్నారు: ఈగలను, దోమలను, వెండ్రుకలను, సాలెగూళ్లను చూస్తాడు. లాటిన్‌లో దీని పేరుకు అర్థం కూడా ఎగిరే ఈగలనే. తిమిరం, ఫ్లోటర్లు ఒకటేనని నేననడం లేదు. ఆ పేరు కింద ఎన్నో కంటిజబ్బులు చేరాయి. నన్ను ఆపింది ఆ జాబితా తీరు. అది రోగి నోటినుంచి వచ్చిన మాటలను రోగి చెప్పినట్టే రాసుకున్న జాబితా. కంటి లోపల చూసే సాధనం లేనప్పుడు రోగి చెప్పినదే వైద్యుడికి కన్ను. 1851లో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్స్ కంటి లోపల చూసే ఆఫ్తాల్మోస్కోపును లోకానికి తెలిపాక వైద్యుడు తానే లోపలికి చూడగలిగాడు. అది ఎన్ని కోట్ల కళ్లను కాపాడిందో లెక్కలేదు. కాని దాని వెంబడే ఒక అలవాటూ వచ్చింది: తనకు కనబడనిది, తన కొలతకు అందనిది, లేనట్టే అనుకోవడం. అక్షరాల పలక మీద తెల్లని నేలపై కారునల్లని అక్షరాలుంటాయి. వాటిని సున్న అడ్డం వచ్చినా పక్కకు తప్పుకోగానే చదివేయవచ్చు. బూడిదరంగు మీద బూడిదరంగును పోల్చుకునే శక్తి తగ్గినా ఆ పలక పట్టుకోలేదు. అందుకే పలక లెక్కలో నిండైన 6/6 చూపు ఉన్నవాడు కూడా చదవలేకపోతున్నానని మొత్తుకుంటాడు. 2011లో సింగపూర్ వైద్యులు ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఈ నలుసులు పోతాయంటే మిగిలిన ఆయుష్షులో ప్రతి పదేళ్లకూ సగటున ఏడాదికి పైగా వదులుకుంటామని రోగులు చెప్పారు. ఏమీ లేనిదానికి ఎవరూ ఏడాది ఆయుష్షు ఇవ్వరు.

ఇంతవరకు నిందంతా వైద్యుడి మీద మోపాను. ఇప్పుడు నా వంతు.

గుంటూరు నుంచి వచ్చాక చుట్టాలూ స్నేహితులూ అడిగినప్పుడల్లా ఆ డాక్టరమ్మ చెప్పిన ఐదు వాక్యాలూ చెప్పే ఓపిక లేక, "ఏమీ లేదట, అలవాటవుతుందట" అనేశాను. అక్కతో కూడా అదే అన్నాను. అంతా విన్నదేకదా అనుకున్నాను. ఆ రోజు ఆమె గది బయట కూర్చుని ఉంది. దసరా రోజుల్లో ఒక సాయంత్రం ఆమె ఫోను చేసి పండుగ కబుర్లన్నీ అయ్యాక, చివర్లో, మరిచిపోయిన సంగతిలా చెప్పింది: "నీ ఈగలు నాకూ వచ్చాయిరోయ్. నావి కాస్త నల్లగా, పొగలాగా ఉన్నాయి. తొమ్మిది రోజులైంది. ఏమీ లేదన్నారుగా, నేనూ పట్టించుకోవట్లా."

అక్కకు అరవై ఒకటి. పద్దెనిమిదేళ్లుగా షుగరు ఉంది. ఆ పొగ నా సున్నకు చుట్టమే కాదు. మధుమేహంవల్ల రెటీనామీద పుట్టిన పెళుసైన కొత్త రక్తనాళం ఒకటి చిట్లి జెల్లీలోకి రక్తం కారింది. అదే డాక్టరమ్మ చూసి, "ఏటా ఒకసారి చుక్కలు వేసి చూపించుకోమని ఎవరూ చెప్పలేదామ్మా?" అని అడిగితే, చూపు బాగానే ఉంటే ఎందుకని వెళ్లలేదంది అక్క. మధుమేహం రెటీనాను తినేటప్పుడు చాలాకాలం చూపు బాగానే ఉంటుంది, దాని మోసమంతా అదే. తలగడ ఎత్తుగా పెట్టుకుని పడుకోమన్నారు, రక్తం కిందికి దిగి పేరుకుంటే లోపల కనబడుతుందని. ఇంజెక్షన్లు ఇచ్చారు, లేజరు చేశారు. పొగ విడిపోవడానికి ఇంచుమించు పది వారాలు పట్టింది. ఇప్పుడు పేపరు చదువుతుంది, మునుపటి పదును లేదు. ఆ తొమ్మిది రోజులు తగ్గితే ఎంత తేడా ఉండేదని డాక్టరమ్మను నేను అడగలేదు. అడిగితే ఆవిడ నిజం చెప్పే మనిషి.

'ఏమీ లేదు' అన్న మాటతో నా పేచీ ఇక్కడ స్థిరపడింది. అది ఒక కంటికి, ఒక రోజుకు, ఒక పరీక్షకు చెందిన తీర్పు. దాన్ని షరతులనుంచి విడదీస్తే అది నోటినుంచి నోటికి ప్రయాణం చేసి మరొకరి కంటికి చేరుతుంది. 'వయసుతో వస్తుంది' అన్నదీ అంతే. ఇరవై ముప్పై ఏళ్ల కుర్రవాళ్లలో కంట్లో రక్తస్రావం కలిగించే ఈల్స్ వ్యాధి మన దేశంలో ఎక్కువగా కనబడుతుంది. కంటిలోపలి వాపులు ఏ వయసులోనైనా నలుసులు తెస్తాయి. లక్షణం ఒకటే, కారణాలు వేరు. వేరు చేసేది చుక్కల పరీక్షే. అందుచేత నేను ఇప్పుడు ఎవరు అడిగినా పొడుగు సమాధానమే చెబుతున్నాను, విసుక్కున్నా సరే.

ఇక పరీక్షలో ప్రమాదం లేదని తేలినవారి సంగతి. 'అలవాటు పడతారు' అన్న మాటను నేను కాదనలేదు, దాన్ని చెప్పే తీరునే కాదన్నాను. అలవాటు పడడమంటే చేతకాక సరిపెట్టుకోవడమని చాలాకాలం అనుకున్నాను. నిజానికి అది మెదడు చేసే పని, మనం అడ్డు రాకపోతే బాగానే చేస్తుంది. రెటీనాలో వెలుగును పట్టే కణాల ముందే రక్తనాళాలు చెట్టుకొమ్మల్లా అల్లుకుని ఉన్నాయి. వాటి నీడలు పుట్టినప్పటినుంచీ మన చూపుమీద పడుతూనే ఉన్నా ఒక్కసారీ చూడలేదు. విజయవాడ స్టేషను పక్క వీధుల్లో కాపురమున్నవారికి రైలుకూతకు మెలకువ రాదు, వచ్చిన చుట్టానికి నిద్ర పట్టదు. ఫ్లోటర్ల విషయంలో తేడా ఏమిటంటే అవి కదులుతాయి. కదలని నీడను మెదడు చెరిపేస్తుంది, కదిలేదాన్ని కనిపెట్టడమే దాని స్వభావం. కాబట్టి ఇక్కడ పని నెలలు పడుతుంది, పూర్తిగా కాకపోవచ్చు కూడా. కొన్ని ముడులు క్రమంగా చూపు దారినుంచి కిందికి జారి తామే మేలు చేస్తాయి.

నేను అడ్డు వచ్చిన తీరు చెబుతాను. పొద్దున లేవగానే ఎదురింటి తెల్లసున్నం గోడను చూసేవాణ్ణి, ఉందా లేదా అని. మేడమీదికెళ్లి ఆకాశం చూసేవాణ్ణి. ఫోనులో తెల్లటి పేజీ తెరిచి ముడులు లెక్కపెట్టేవాణ్ణి. నిన్న నాలుగు, ఇవాళ ఐదు. అర్ధరాత్రి దాకా ఎవరెవరో రాసుకున్న గోడు చదివేవాణ్ణి. రోజుకు యాభైసార్లు 'ఇది ముఖ్యం, దీన్ని వదలకు' అని మెదడుకు చెబుతూ, అది ఎందుకు వదలడం లేదని ఏడ్చేవాణ్ణి. ఇంట్లోవాళ్లు నా బాధ కంటిది కాదన్నారు. అది తప్పు, మొదలు కంటిదే. కాని రాత్రి నిద్ర లేకపోవడం, పని తప్పించుకోవడం మాత్రం ఆ లెక్కపెట్టడం నుంచే వచ్చాయి. రెండో పరీక్షలో కూడా చిరుగు లేదని తేలాక గోడ పరీక్ష మానేశాను. మానేయగలిగింది ఆ డాక్టరమ్మ 'ఇలా అయితే రండి' అని గుర్తులు చెప్పడం వల్లనే. ఏది చూసుకోవాలో తెలిసినవాడే మిగిలినది చూడడం మానగలడు.

పనిలో చిన్న మార్పులు చేసుకున్నాను. పాలతెలుపు కాగితం బదులు కాస్త పసుపుచాయ ఉన్న కాగితంమీద ప్రూఫులు తీయమన్నాను. అచ్చువారు గొణిగినా ఇస్తున్నారు. కంప్యూటరు తెర వెనకరంగు బూడిదకు మార్చాను, వెలుగు తగ్గించాను. ఎండలో నల్లద్దాలు, గొడుగు. మగవాడు గొడుగేమిటని నవ్వినవారు మేనెలలో దాని కిందికే వచ్చారు. సున్న సరిగ్గా చదివే మాటమీద కూర్చుంటే కళ్లు ఒకసారి పైకీ కిందికీ తిప్పుతాను, జెల్లీ కదిలి అది పక్కకు పోతుంది. ఇంతకుమించి రహస్యాలు లేవు. పొన్నగంటి కూరకు 'పోయిన కంటి కూర' అని పేరు చెప్పి మా మేనత్త వారానికి రెండుసార్లు పంపింది; రుచిగా ఉంది, తిన్నాను, సున్న అలాగే ఉంది. నందివర్ధనం పువ్వులు మూసిన రెప్పలమీద పెట్టుకుంటే చల్లగా ఉంటుంది, పెట్టుకోవచ్చు. ఆ పువ్వుల రసమో తేనో ఆముదమో కంట్లో పిండుకోవడం మాత్రం ప్రమాదం. జెల్లీ ఉన్నది కటకం వెనక, పిండినది ఆగేది కంటి పైపొరమీద. అనాసపండు తింటే నలుసులు కరుగుతాయన్న వార్త నాకు ఆరుగురు పంపారు. కడుపులో జీర్ణమైన పండు కంటిలోని పోగులను వెతుక్కుంటూ వెళ్లి కరిగిస్తుందని నేను నమ్మలేను.

మరి తీసేయలేరా అంటే, తీయవచ్చు. 1970లో మయామీలో రాబర్ట్ మాకెమెర్ చిన్న రంధ్రం గుండా జెల్లీని కోసి బయటకు లాగే శస్త్రచికిత్సకు దారి తీశారు. విట్రెక్టమీ అని దాని పేరు, ఇవాళ అది మన ఊళ్లలోనూ రోజూ జరిగేదే. నలుసులు దానితో పోతాయి. కాని యాభై దాటినవారిలో చాలామందికి ఆ తరవాత శుక్లం త్వరగా ముదురుతుంది, కొద్దిమందికి రెటీనా చిరగవచ్చు, ఊడవచ్చు, అరుదుగా లోపల చీము పట్టవచ్చు. యాగ్ లేజరుతో ముడిని పేల్చే పద్ధతి మరొకటి. 2017లో అమెరికాలో, వైస్ వలయం ఉన్న 52 మందిమీద జరిగిన పరీక్షలో, నిజమైన లేజరు చేసినవారిలో సగంకన్నా కాస్త ఎక్కువమంది మేలు చెప్పారు, ఉత్తుత్తి లేజరు చేసినవారిలో పదోవంతుకన్నా తక్కువమంది చెప్పారు. తీసిపారేయదగ్గ ఫలితం కాదు, 52 మంది పెద్ద సంఖ్యా కాదు. నా మటుకు నేను రెండూ వద్దనుకున్నాను. రాత్రిపూట బస్సు నడిపే మనిషికి దట్టమైన మబ్బు చూపుకు నట్టనడుమ తేలుతుంటే, ఏడాది ఆగినా తగ్గకపోతే, అతను ఆపరేషనుకు సిద్ధపడితే నవ్వే హక్కు నాకు లేదు. ఆ లెక్క వేసుకోవలసింది అతను. లాభనష్టాలు పూర్తిగా విన్న తరవాత.

ఆదివారాలు పొద్దున అక్కకు ఫోను చేస్తాను. ఆమెకూ నాకూ ఒకే వైద్యురాలు ఇచ్చిన ఆజ్ఞలు పూర్తిగా ఎదురెదురు: నన్ను చూడొద్దన్నారు, ఆమెను చూసుకోమన్నారు. ఒక్కో కన్ను అరచేత్తో మూసుకుని గోడమీది క్యాలెండరు చదివి నాకు వినిపిస్తుంది. "ఎడమ కంటితో ద్వాదశి, స్వాతి, అన్నీ కనబడుతున్నాయి. కుడి కంటికి వర్జ్యం దగ్గర అలికినట్టుంది, పోయినవారం లాగానే. కొత్త పొగేం లేదు." నేను ఒక చిన్న పుస్తకంలో తేదీ వేసి రాసుకుంటాను. తరవాత ఆమె అడుగుతుంది, "నీ సున్న ఎట్లా ఉందిరా?" అని. వారమంతా దాని ఊసే లేకుండా గడిచి ఉంటుంది. అడిగింది కదా అని కిటికీవైపు చూస్తాను. వెంటనే వస్తుంది, కాస్త ఊగి, దిగుతుంది. "ఉందిలే అక్కా" అంటాను. "చూడమాకు, చూడమాకు" అని ఆమె ఫోను పెట్టేస్తుంది. నేను ముప్పై రెండో పుట తీస్తాను.